ముందు నేర్చినవాడు

సికింద్రాబాదునుండి కాచిగూడకు పోవు రైలుమార్గములో సీతాఫలమండి దాటిన వెనుక వచ్చు స్టేషను పేరు ఆర్ట్స్ కాలేజి. దాని తరువాతిది జామియా ఉస్మానియా. పట్టాలకు తూర్పున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము వ్యాపించియున్నది. పడమటివైపున వారాసిగూడ, దానిని ఆనుకొనిన పేటలు, ఇరుకు సందులు, చిన్న దుకాణములు, ఒకదానినొకటి ఒరసికొని పెరిగిన ఇండ్లు. విశ్వవిద్యాలయము 1918 లో స్థాపింపబడినది. గులాబిరంగు రాతితో కట్టిన ఆర్ట్స్ కళాశాల భవనమునకు 1939 లో ప్రారంభోత్సవము జరిగినది. ప్రాంగణము దాటి తార్నాకవైపు పోయినచో జాతీయ పోషకాహార సంస్థ, ఇంగ్లీషు మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయము, రసాయన పరిశోధనశాల వరుసగా కనబడును. ఇంత విద్య, ఇంత పరిశోధన ఒక్కచోట కూడియున్న ప్రదేశములు మన దేశమున ఎన్నియో లేవు.

పట్టాలకు ఆవలనుండి ఈవలకు వచ్చుటకు కొద్ది నిమిషములు చాలును. కాని సందులో ఉన్న ఇంటినుండి ఆ రాతిభవనములోని తరగతిగదికి వచ్చుటకు కొన్ని కుటుంబములకు రెండు తరములు పట్టినది. కొన్ని కుటుంబములు ఇంకను రాలేదు. ఈ దూరమును తగ్గించు బాధ్యత ప్రభుత్వమునకు, పాఠశాలకు, తల్లిదండ్రులకు కలదని అందరును ఎరిగినదే. నాలుగవవాడు ఒకడు కలడు. అతనిని తరచుగా మరచుచుందురు. అతడే ముందు నేర్చినవాడు. వసతిగృహమునుండి సాయంకాలము బయలుదేరి, పేటలోని నలుగురు పిల్లలను కూర్చుండబెట్టి, పలకమీదనో నోటుపుస్తకములోనో వారిచేత దిద్దించు విద్యార్థి.

ఇట్టి విద్యార్థిని చూచి మెచ్చుకొనుట సులభము. అతనివలన కలుగు మేలెట్టిదో, ఆ మేలు ఎక్కడ ఆగిపోవునో తెలిసికొనుట అంతకంటె అవసరము. అందులకు ఒక పాతకథ సాయపడును. ఆ కథ తెలుగు వీధిబడిది.

బళ్ళారి కలెక్టరు చూచిన బడి

1822 జూను నెలలో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాజధానిలోని ప్రతి జిల్లాయందును దేశీయపాఠశాలలు ఎన్ని యున్నవో, ఎవరు చదువుచున్నారో లెక్కించి పంపవలసినదని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో తన నివేదికను పంపెను. ఈ కాంబెల్ తెలుగువారికి అపరిచితుడు కాడు; 1816 లో తెలుగు భాషకు ఇంగ్లీషున వ్యాకరణము వ్రాసినవాడు. నాటి బళ్ళారి జిల్లా జనాభా 9,27,857. పాఠశాలలు 533, విద్యార్థులు 6,641. అందులో కన్నడము చెప్పు బడులు 235, తెలుగు చెప్పు బడులు 226. సగటున బడికి పన్నెండుగురు పిల్లలు.

ఆ బడి నడచు విధమును కాంబెల్ శ్రద్ధగా వర్ణించెను. ఉదయమున అందరికంటె ముందుగా వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి నామము వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పైన వచ్చువారికి వరుసగా ఒక్కొక్కటి హెచ్చును. క్రొత్తగా చేరిన బాలుడు నేలమీద ఇసుక పరచి, వ్రేలితో అక్షరములు దిద్దును. పెద్ద తరగతుల పిల్లలు చిన్నవారికి చెప్పుదురు. అట్లు చెప్పుచు తమ చదువును గట్టిపరచుకొందురు. ఇంత తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పు ఈ విధానము, అందునను ముందు నేర్చినవారిచే వెనుకటివారికి చెప్పించుట, మిక్కిలి ప్రశంసనీయమనియు, ఇంగ్లండులో దీనిని అనుకరించుట తగియే యున్నదనియు ఆయన వ్రాసెను.

ఇంగ్లండు మాట ఇందులో ఎట్లు వచ్చినది? 1789 లో ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర శరణాలయమునకు అధికారి ఆయెను. దేశీయుల బడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి, తన బడిలోను అట్లే చేయింపబోగా కొలువులోని ఉపాధ్యాయులు ఒప్పుకొనలేదు. అప్పుడు బెల్ ఆ పనిని ఎనిమిదేండ్ల బాలుడైన జాన్ ఫ్రిస్కెనుకు అప్పగించెను. పెద్దలు కాదన్న పని ఆ బాలుడు చేసిచూపెను. స్వదేశమునకు మరలిన పిమ్మట బెల్ 1797 లో లండనులో ఈ అనుభవమును అచ్చువేయించెను. 1798 లో జోసెఫ్ లాంకాస్టరు అను యువకుడు లండనులో పేదపిల్లలకు బడి పెట్టి ఇదే పద్ధతిని నడిపెను. వారిద్దరిలో ముందెవరని పక్షములు ఏర్పడి చాలకాలము వాదులాడుకొన్నవి. ఆ విధానమునకు మాత్రము ‘మద్రాసు పద్ధతి’ అను పేరు నిలిచినది.

తోడు బదులైనప్పుడు

ఇంతవరకు చెప్పినది మన గొప్పగా చెప్పుకొనదగిన కథ. తరువాతి భాగము అంత ఆనందదాయకము కాదు. అయినను పాఠము అందులోనే యున్నది.

లాంకాస్టరు బడిలో ఒక్క ఉపాధ్యాయుడు వేయిమంది బాలురకు చాలునని ప్రకటించిరి. ఉపాధ్యాయుడు కొందరు పెద్దపిల్లలకు చెప్పును. వారు తక్కినవారికి అప్పగింతురు. గంటలు, సంజ్ఞలు, వరుసలు. ఖర్చు తగ్గినదని దాతలు సంతోషించిరి. కాని పన్నెండుగురి వీధిబడిలో ప్రాణము పోసికొనిన పద్ధతి వేయిమందిలో యంత్రముగా మారినది. వీధిబడిలో పెద్దపిల్లవాడు అయ్యవారి ప్రక్కనే కూర్చుండి చెప్పెను. తప్పు చెప్పినచో అయ్యవారు దిద్దెను. లండను బడిలో అతడు అయ్యవారికి బదులుగా నిలువవలసి వచ్చెను. తనకే సరిగా రానిది ఇతరులకు బట్టీపట్టించెను. తుదకు ఇంగ్లండు ప్రభుత్వము 1846 లో ఆ పద్ధతిని విడిచి, పెద్దవిద్యార్థులను కొన్ని సంవత్సరములపాటు ఉపాధ్యాయులకడ శిక్షణలో ఉంచి జీతమిచ్చు ఏర్పాటు చేసినది.

వీధిబడిలోను లోపములు లేకపోలేదు. వాటిని కాంబెల్ దాచలేదు. పిల్లలు తమకు అర్థము కాని కావ్యభాషలోని పద్యములను చిలుకలవలె వల్లించుచున్నారని ఆయన విచారించెను. విద్యార్థులందరిలో హిందూ బాలికలు అరువదిమంది మాత్రమే. బ్రాహ్మణులకు మాత్రమే ప్రవేశముగల పాఠశాలలు 23. అన్నిటికంటె ముఖ్యముగా బడులు క్షీణించుటకు ఆయన చూపిన కారణము బీదతనము. విలాయతి బట్టలు వచ్చి నేతపనివారి బ్రతుకు చితికినది. పిల్లల లేతచేతులు ఏ కొంచెము పని చేయగలిగినను వారి కూలి ఇంటికి కావలసివచ్చినది. రెండువందల యేండ్ల క్రిందట ఒక కలెక్టరు వ్రాసిన ఈ మాటకు నేటి పేటలలోను పోలికలు దొరకును.

ఈ కథనుండి తేలునది ఒక్కటే. ముందు నేర్చినవాడు ఉపాధ్యాయునకు తోడైనంతకాలము పద్ధతి వర్ధిల్లినది, బదులైననాడు చెడినది.

అప్పు ఎవరు తీర్తురు?

తోడుగా ఉన్నవానికి గల శక్తి ఎక్కడిది? అతడు ఉపాధ్యాయునికంటె ఎక్కువ ఎరిగినవాడు కాడు. అతని శక్తి అంతయు దగ్గరితనములో ఉన్నది. తెలియకపోవుట ఎట్లుండునో అతడింకను మరచిపోలేదు.

వారాసిగూడవంటి పేటలో నాలుగవ తరగతి చదువుచున్న ఒక బాలుని తలచుకొనుడు. యాబదిరెండులోనుండి ఇరువదియేడు తీసివేయవలసియున్నది. రెండులోనుండి ఏడు పోదు. ప్రక్కనుండి ఒకటి అప్పు తెచ్చుకొమ్మని బడిలో చెప్పిరి. బాలునికి సందేహము: తెచ్చిన అప్పు ఎప్పుడు తీర్పవలెను? ఒకటి తెచ్చినచో అది పదెట్లాయెను? నలుబదిమంది నడుమ లేచి ఈ ప్రశ్న అడుగుటకు అతనికి సిగ్గు. ఇంటిలో అడుగుటకు అప్పు అను మాటయే మంచిది కాదు. అతడు ఊరకుండును. ఊరకున్న ఆ ఒక్క దినము ఐదవ తరగతిలో భాగహారమై, ఏడవ తరగతిలో భిన్నములై, పదవ తరగతిలో పరీక్ష తప్పుటయై తిరిగివచ్చును.

సాయంకాలము వచ్చిన విద్యార్థి ఆ బాలుని ముందు ఐదు పదిరూపాయల నోట్లు, రెండు రూపాయిబిళ్ళలు పెట్టును. దుకాణదారునకు ఇరువదియేడు రూపాయలు ఇమ్మనును. చేత ఏడు బిళ్ళలు లేవు. ఒక నోటును చిల్లర మార్పవలెను. మార్చినచో పండ్రెండు బిళ్ళలు, నాలుగు నోట్లు. ఏడు బిళ్ళలు ఇచ్చిన ఐదు మిగులును. రెండు నోట్లు ఇచ్చిన రెండు మిగులును. ఇరువదియైదు. ఇందులో అప్పు లేదు, తీర్చుట లేదు. ఉన్నది చిల్లర మార్పిడి మాత్రమే. పాలప్యాకెట్టు తెచ్చుటకు దినదినము దుకాణమునకు పోవు బాలునికి ఇది వెంటనే తెలియును. విద్యార్థికి ఈ ఉపాయము పెద్ద గ్రంథమునుండి తోచినది కాదు. తానును ఒకనాడు అక్కడనే ఆగిపోయెను గనుక తోచినది.

భాష విషయములోను ఇట్లే. వసతిగృహములలోని విద్యార్థులు చాలమంది తెలంగాణ పల్లెలనుండి వచ్చినవారు. పుస్తకములో ‘చొక్కా’ అని యున్నచోట పిల్లవాని ఇంటిలో ‘అంగి’. పుస్తకములో ‘ఊడ్చుట’, ఇంటిలో ‘ఊకుట’. ఇంటిమాట తప్పని ఒక్కసారి గద్దించినచో పిల్లవాడు నోరు మూసికొనును. రెండును తెలుగే, ఒకటి ఇంటిది, ఒకటి పుస్తకముదని చెప్పగల చెలికాడు దొరికినచో అతడు రెండు మాటలకు యజమాని యగును. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పవచ్చునని ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో ఆరంభమైనది. తెలుగు పిల్లలకు నాడు అదియు నేర్చుకొనవలసిన భాషయే. తెలిసిన భాషనుండి తెలియని భాషకు చేయిపట్టి నడిపించువాడు కావలెనను విషయము ఆ ప్రాంగణమునకు పుట్టుకతోనే తెలియును.

చెప్పినవానికి వచ్చు లాభము

శిష్యుడు చదువులో పాతికపాలు గురువువలనను, పాతికపాలు స్వబుద్ధిచేతను, పాతికపాలు తోడివిద్యార్థులవలనను, తక్కినది కాలక్రమమునను పొందునని పూర్వులు చెప్పిరి. తోడివారికి గురువుతో సమానమైన పాలు పెట్టుట గమనింపదగినది. ఆధునిక పరిశోధనయు దీనిని కాదనలేదు. 1982 లో అమెరికాలో కోహెన్, కూలిక్ దంపతులు విద్యార్థులచే విద్యార్థులకు చెప్పించిన 65 పరిశీలనలను చేర్చి చూడగా, నేర్చుకొన్నవారే గాక చెప్పినవారును ఆ విషయమును మెరుగుగా గ్రహించిరని తేలినది. 2007 లో ప్రచురితమైన మరియొక పరిశీలన ముంబయి, వడోదర నగరములది. ఉన్నతపాఠశాల చదువు ముగించిన స్థానిక యువతులు ‘బాలసఖు’లుగా పాఠశాలలోనే, వెనుకబడిన పిల్లలను దినమునకు రెండు గంటలు వేరుగా కూర్చుండబెట్టి చెప్పిరి. ఆ పిల్లల చదువు స్పష్టముగా మెరుగుపడినది. ఈ పరిశోధకులలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో అనువారికి 2019 లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. ఇక్కడను బాలసఖి తరగతి ఉపాధ్యాయునకు తోడే గాని బదులు కాదు.

మన దేశమున విద్యార్థుల సేవకు ఒక క్రమమేర్పడినది గాంధీజీ శతజయంతి వత్సరమైన 1969 లో. ఆ సెప్టెంబరు 24 న జాతీయ సేవాపథకము 37 విశ్వవిద్యాలయములలో సుమారు నలుబదివేలమంది విద్యార్థులతో ఆరంభమాయెను. ఇందు చేరిన విద్యార్థి సంవత్సరమునకు 120 గంటలు సేవచేయవలెను. ఈ సంఖ్యను కొంచెము లెక్కించి చూడదగును. ఒక్కనాడు ఊరేగింపులోను, ఒక్కనాడు చెట్లు నాటుటలోను ఆ గంటలు చెల్లిపోవచ్చును. అవే గంటలు సాయంకాలమునకు రెండు చొప్పున అరువది సాయంకాలములగును. అక్షరములు వచ్చి ఒత్తులవద్ద తడబడు పిల్లవాడు చిన్న కథ తనంతట చదువుటకు, ఓర్పుగలవాడు దొరికినచో, అరువది సాయంకాలములు చిన్నవి కావు.

పగలు ఎక్కడ ఉంటివి?

సాయంకాలపు చదువును గూర్చి ఒక గట్టి ఆక్షేపణ కలదు. దానిని చేసినవారు సామాన్యులు కారు. ఉస్మానియాలో రాజనీతిశాస్త్రమున ఎం.ఏ. చదివి, హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఆచార్యత్వము వహించిన శాంతా సిన్హాగారు తమ తాతగారు, చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర నెలకొన్న ఎం. వి. ఫౌండేషను ద్వారా 1991 నుండి రంగారెడ్డి జిల్లా గ్రామములలో బాలకార్మికులను బడిలో చేర్పించు ఉద్యమము నడిపిరి. వారి సిద్ధాంతము సూటిగా నుండును: బడికి రాని ప్రతి పిల్లయు బాలకార్మికుడే. పగలంతయు పనిచేసిన పిల్లలకు రాత్రిబడి పెట్టుటయనగా పగటి కూలిని ఒప్పుకొనుటయే. పిల్లవానికి కావలసినది పగటిబడి, పూర్తిబడి. ఈ కృషికి వారికి 2003 లో రామన్ మెగసెసే బహుమానము లభించినది.

ఆ ఉద్యమములోను ముందు నేర్చినవారే నడుము కట్టిరి. గ్రామములలో తమ కుటుంబమున మొదటిసారి బడికి పోయిన యువకులు, యువతులు స్వచ్ఛందసేవకులుగా ఇల్లిల్లు తిరిగిరి. తల్లిదండ్రులతోను, పని ఇచ్చినవారితోను వాదించిరి. పని మానిన పిల్లలను కొన్ని నెలలు శిబిరములలో ఉంచి, వయసునకు తగిన తరగతికి సిద్ధపరచి, ప్రభుత్వపాఠశాలలో చేర్చిరి. అక్కడను ఊరుకొనలేదు, చేరినవాడు నిలిచెనా లేదా అని చూచుచుండిరి.

కనుక వారాసిగూడ సందులో పలకపట్టి కూర్చున్న విద్యార్థి మొదట అడుగవలసిన ప్రశ్న ‘ఎక్కము చెప్పుము’ అని కాదు. ‘పగలు ఎక్కడ ఉంటివి?’ అని. బడిలోనే ఉంటినని జవాబు వచ్చినచో పాఠము సాగవచ్చును. మెకానిక్కు దుకాణములోనో, ఇంటిపనిలోనో ఉంటినన్నచో ఆ సాయంకాలపు పాఠము ఎక్కము కాదు. ఆ పిల్లవాని తల్లితో మాటలాడుట, బడి ప్రధానోపాధ్యాయునికడకు పోవుట, చేర్పించుట. ఆరునుండి పదునాలుగేండ్లవరకు ఉచిత నిర్బంధ విద్య హక్కుగా నిచ్చిన చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. దాని పేరు వినని తల్లికి దానిని తెలియజెప్పుటయు బోధనయే.

ఎదురుచూచు కన్నులు

ఇక ఆచరణలో ఎదురగు చిక్కులు ఉపాధ్యాయులు ఊహింపగలరు. విద్యార్థికి తన పరీక్షలు వచ్చును. సెలవులలో ఊరికి పోవును. ఉద్యోగప్రకటన వెలువడినచో చదువు గదిలో తలుపు వేసికొనును. అందులో అతని తప్పు లేదు. కాని నాలుగు వారములు అలవాటుపడిన పిల్లవాడు ఐదవ వారము గుమ్మములో పుస్తకముల సంచితో నిలిచి చూచును. చెప్పక మానినవాడు అక్షరములతోపాటు నమ్మకమునుగూడ తీసికొనిపోవును. పెద్దలు మాట నిలుపుకొనరని పిల్లవాడు నేర్చుకొన్నచో, ఆ పాఠమును మరపించుట ఏ ఉపాధ్యాయునికిని సులభము కాదు.

అందుచేత ఈ పని కొన్ని చిన్న నియమములతో సాగవలెను. ఒక్కరు గాక ఇద్దరు కలిసి పూనుకొన్నచో ఒకరు రానినాడు మరియొకరు వత్తురు. పిల్లలు నలుగురైదుగురు చాలును, నలుబదిమంది వలదు. తరగతి ఏదైనను పిల్లవాడు నిజముగా ఎక్కడ ఆగెనో అక్కడనుండి మొదలుపెట్టవలెను. ఇంటిపని తాము వ్రాసి ఇయ్యరాదు. కూర్చుండుచోటు నలుగురికి కనబడునదిగా, తల్లిదండ్రులు ఎప్పుడైనను వచ్చి చూచునదిగా నుండవలెను. నెలకొకసారి పాఠశాలకు పోయి తరగతి ఉపాధ్యాయునితో ఆ పిల్లవానిగూర్చి మాటలాడవలెను. ఉపాధ్యాయుడును ఆ విద్యార్థిని తన లోపము వెదకవచ్చినవానిగా గాక, తన పాఠమును సందులోనికి మోసికొనిపోవు తోడుగా చూడవలెను. ఆపవలసిన దినము వచ్చినప్పుడు ముందుగా చెప్పి, మరియొకరిని తెచ్చి, పిల్లవాని చేతిని వారి చేతిలో పెట్టి పోవలెను.

ఇందు పెద్ద ధనవ్యయము లేదు, గొప్ప భవనము లేదు. బళ్ళారి బడిలో ఇసుకయు, వ్రేలును, ప్రక్కన ఒక పెద్దపిల్లవాడును ఉండిరి. ప్రక్కనే అయ్యవారు ఉండిరి. ఆ నాలుగును కూడినప్పుడే అక్షరము నిలిచినది.

ఉస్మానియా ప్రాంగణమున సాయంకాలము రైలు పోవు చప్పుడు వినబడును. ఆ చప్పుడు పట్టాలకు రెండువైపులను వినబడును. తూర్పున విని లేచినవాడు పడమటికి నడచినచో, పడమట విన్న బాలుడొకడు కొన్ని యేండ్లకు తూర్పునకు నడచి రాగలడు. అట్లు వచ్చినవాడు తన మొదటి సాయంకాలమే మరల పేటకు పోయి, మరియొక బాలుని ముందు ఐదు నోట్లు, రెండు బిళ్ళలు పెట్టినచో, ముందు నేర్చినవాని ఋణము తీరినట్లు.